ఆకురాయి కొరికిన కత్తి

బుధవారం సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి. చెప్పులు విప్పి, సంచి గుమ్మం పక్కన పెట్టి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. ముందు గదిలో కుట్టుమిషను తలను బల్ల మీద పడుకోబెట్టి నూనె వేస్తున్న భర్త తలెత్తి చూశాడు. కూరగాయలు కోసి వచ్చిన రోజు ఆమె వేళ్ళకి ఏదో ఒక రంగు ఉంటుంది. ఇవాళ రంగు లేదు. సోడా వాసన వస్తోంది.

"గిన్నెల దగ్గర వేశారా?"

"ఆ. చెయ్యి నెమ్మదించిందట నాకు."

హాస్టల్ వంటశాలలో కోత బల్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు. అందరిలోకి పాత మనిషి ఈమే. పదకొండేళ్ళు.

"ఇవాళ గుమ్మడికాయలు," అంది ఆమె, తుండుగుడ్డతో వేళ్ళ సందులు తుడుచుకుంటూ. "స్టోరులోంచి ఇచ్చిన కత్తి ఒట్టి రేకుముక్క. కాయలో దిగదు, దిగితే బయటికి రాదు. కత్తి బాగోలేదండీ అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నాడు వంటపెద్ద. అందరి ముందూ. పక్కన కోస్తున్న చిన్నవాళ్ళు కూడా నవ్వారు."

అతని చేతిలోని నూనె డబ్బా అలాగే వంగి ఉండిపోయింది. రెండు చుక్కలు ఎక్కువ పడ్డాయి.

"అంత రోషముంటే నీ కత్తి నువ్వు తెచ్చుకో అన్నాడు. సోమవారం పొద్దున్న గంటలో ఇరవై కిలోలు కోస్తే మళ్ళీ బల్ల దగ్గరికి రానిస్తాడట. లేకపోతే ఇంక గిన్నెలే."

వంటింట్లోంచి అతని తల్లి గొంతు వచ్చింది. "బజార్లో కత్తులే కరువయ్యాయా? ఒకటి కొని పడెయ్యరా."

"కొన్నాం కదమ్మా రెండు. ఒకటి వారానికే మొండి అయింది. రెండోది బరువెక్కువై దీని మణికట్టు వాచింది."

"మీరు చేసిస్తానన్నారుగా," అంది భార్య. దెప్పుతున్నట్టు లేదు. నిజంగానే అడిగింది. అందుకే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

చేసిస్తానని అన్నది రెండు వారాల కిందట. కలప మిల్లువాళ్ళు పారేసిన రంపపు పట్టీ ఒకటి తెచ్చి, ఆమె చేతికి సరిపోయేలా అట్టముక్క మీద బొమ్మ గీసి, దాని ప్రకారం నాలుగు కత్తులు కోశాడు. అరగదీశాడు. పిడికి చిల్లులు పెట్టాడు. ఆకారం వచ్చింది. ప్రాణం రావాలి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితేనే ఉక్కు గట్టిపడుతుందని ఫోన్లో చూసి తెలుసుకున్నాడు గానీ, అతని చేతులకి సూదులూ, స్క్రూలూ, వెంట్రుకవాసి సర్దుబాట్లూ అలవాటు. నిప్పు అలవాటు లేదు. అందుకే నాలుగూ బల్ల కింద గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"రేపు పొద్దున్నే చేస్తా," అన్నాడు.

గురువారం వెలుగు రాకముందే లేచాడు. మసక చీకట్లోనే ఉక్కు రంగు సరిగా తెలుస్తుందట. స్నానం చేసి, దేవుడి ముందు దీపం వెలిగించి, ఎప్పుడూ చేసే దండానికి ఇవాళ ఒక మాట కలిపాడు: "ఒక్కటి కుదిరితే చాలు స్వామీ." ఇలాంటివి అడగొచ్చో లేదో అతనికి తెలియదు. ఇంత పెద్ద లోకాన్ని చూసుకునేవాడికి గుమ్మడికాయ కోసే కత్తి ఒక లెక్కా? అయినా అడిగాడు.

పెరట్లో కొలిమి సిద్ధంగా ఉంది. పాత నూనె డబ్బాకి లోపల మట్టి మెత్తి, అడుగున గొట్టం పెట్టి, కుట్టుమిషను మోటారుకి ఫ్యాను బిగించాడు. కాలి పెడలు ఎంత నొక్కితే అంత గాలి. బొగ్గులు రాజుకున్నాయి. మొదటి కత్తిని పటకారుతో పట్టుకుని నిప్పుల్లో పెట్టాడు. పెడలు మీద కాలు తెలియకుండానే అడుగుదాకా దిగింది. నిప్పురవ్వలు లేచాయి.

కత్తి ముదురు ఎరుపు అయింది, తర్వాత లేత ఎరుపు. కింద పడ్డ సూదులు ఏరే అయస్కాంతాన్ని తీగకి కట్టి ఉంచుకున్నాడు. తాకించాడు. అంటుకుంది. అంటుకోవడం మానేదాకా వేడెక్కాలి. మళ్ళీ గాలి. మళ్ళీ తాకించాడు. ఈసారి అయస్కాంతం కత్తిని గుర్తుపట్టనట్టు పక్కకి ఊగింది. ఇంకొంచెంసేపు ఉంచి, తీసి, వెచ్చబెట్టిన వంటనూనెలో నిలువుగా దింపాడు. చుయ్యిమంటూ పొగ లేచింది.

తల్లి తలుపు దగ్గర నిలబడి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇనుము వేయిస్తున్నావేమిట్రా నాయనా! ఉప్పూ కారం కూడా తేనా?"

"అమ్మా, మాట్లాడించకు."

రెండోది కూడా అలాగే ముంచాడు. నల్లగా, పొట్టు కట్టి, చూడ్డానికి కాలిన రొట్టె అంచుల్లా ఉన్నాయి. రెంటినీ కడిగి, ఒక్కో చోట గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, భార్య రొట్టెలు కాల్చుకునే చిన్న ఓవెన్లో పెట్టాడు. గంట కాల్చి, చల్లార్చి, మళ్ళీ గంట. గట్టిపడ్డ ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుందనీ, ఈ సన్న వేడి దాన్ని కాస్త శాంతపరుస్తుందనీ విన్నాడు. మెరిసే చోట లేత గడ్డి రంగు వచ్చింది. అచ్చం చెప్పినట్టే వచ్చింది. అతనికి కళ్ళు చెమర్చినంత పనైంది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. లేత్ మిషను మీద పని. జేబులో ఎప్పుడూ ఉక్కు స్కేలు ఉంటుంది కాబట్టి అందరూ మీటరు అంటారు. అన్నం ముద్ద కూడా కొలిచి తింటాడని అతని అక్క అంటుంది.

"ఏం బావా, కుట్టుమిషన్లు మానేసి కత్తులు నూరుతున్నావట. ఎవరి మీద పగ?"

"మీ అక్క అడిగింది."

"అక్క అడిగితే విమానం కూడా చేస్తావులే. ఏదీ, ఇటివ్వు." సంచిలోంచి ఆకురాయి తీశాడు. "దీనికి అబద్ధం రాదు బావా. ఉక్కు గట్టిపడితే ఆకురాయి దాని మీద జారుతుంది. మెత్తగా ఉంటే కొరుకుతుంది."

మొదటి కత్తి వెన్ను మీద ఒక్క గీత గీశాడు. కర్రుమంది. తెల్లటి గీత పడింది. రెండోదాని మీద ఇంకో గీత. మళ్ళీ కర్రుమంది.

"కొరికింది," అన్నాడు మీటరు. నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "గట్టిపడలేదు బావా. ఒట్టి రేకు."

"ఒక్క గీతకే తెలిసిపోయిందా?"

"ఉక్కు దగ్గర రెండో మాట ఉండదు. వేడి చాల్లేదు నీకు. ఇంకా కాల్చు. ఆకురాయి ఇక్కడే ఉంచుతాలే."

ఒట్టి రేకు. వంటశాల కత్తి గురించి నిన్న భార్య అన్న మాటే అది. అతను రెండు కత్తుల్నీ తీసుకెళ్ళి పెరటి మూల తుక్కు డబ్బాలో పడేశాడు. అవి డబ్బా అడుగున పడి గణగణమన్నాయి.

శుక్రవారం పొద్దున్న మూడోదాన్ని కాల్చాడు. ఈసారి అయస్కాంతం మాట నమ్మలేదు. అది పక్కకి ఊగాక కూడా చాలాసేపు గాలి కొట్టాడు. నూనెలో ముంచి, చల్లారగానే ఆకురాయి పెట్టాడు. కర్ర్.

మళ్ళీ కాల్చాడు. మళ్ళీ ముంచాడు. కర్ర్. మూడోసారి. నుదుటి చెమట కళ్ళలోకి కారింది. చొక్కా మీద రవ్వ పడి చిల్లు పడింది. మూడోసారి నూనెలోంచి తీసేసరికి కత్తి పక్కకి వంగిపోయి ఉంది. ఆకురాయి మాత్రం మాట మార్చలేదు.

మెత్తనిదేగా, వంచితే వంగుతుంది అనుకుని కత్తిని బల్లకున్న పట్టుడు దవడల మధ్య బిగించి నెమ్మదిగా ఇవతలికి లాగాడు. టక్కుమని సగానికి విరిగింది. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

అతను ఆ ముక్కను పట్టుకుని చాలాసేపు చూశాడు. మెత్తనిదైతే వంగాలి కదా? ఇది విరగడం ఏమిటి? మధ్యాహ్నం మీటరుకి ఫోన్ చేసి అడిగాడు.

"ఇనుములోనే ఏదో పాడుంది బావా," అన్నాడు మీటరు, వెనక లేత్ చప్పుడు మధ్యలో. "తుక్కులోంచి తెచ్చింది తుక్కులానే ఉంటుంది. పెట్టేస్తున్నా, పని మీద ఉన్నా."

ఆ రోజు మిషను రిపేరుకి వచ్చిన ఒకావిడతో విసురుగా మాట్లాడాడు. దారం తెగుతోందంటే "దారం మంచిది కొనుక్కోండి" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక చూస్తే తప్పు దారానిది కాదు. సూది కన్ను దగ్గర గరుకు. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి పిలుచుకొచ్చి సూది మార్చి ఇచ్చాడు.

శనివారం నాలుగోది. ఆఖరుది. దీపం దగ్గర ఎక్కువసేపే నిలబడ్డాడు. కొలిమిలో కత్తి ఎరుపు దాటి నారింజ అయి, పసుపులోకి తిరిగేదాకా పెడలు మీద నిలబడినంత పని చేశాడు. ముంచాడు. ఆకురాయి కొరికింది, కానీ కాస్త తక్కువగా కొరికిందనిపించింది. అనిపించాలనే ఉంది అతనికి. ఓవెన్లో రెండు గంటలూ పెట్టి, అంచు నూరి, ఇత్తడి కడ్డీ తెచ్చుకున్నాడు. కత్తి అంచుని కడ్డీకి ఆనించి ఒత్తితే అది కాస్త వంగి మళ్ళీ నిటారుగా రావాలి. వంగి ఉండిపోతే మెత్తన. తునిగితే పెళుసు.

ఒత్తాడు. కిట్ కిట్‌మని చిన్న చిన్న పెచ్చులు రాలాయి. అంచు రంపంలా అయింది.

"ఆకురాయేమో మెత్తనంటుంది. కడ్డీ ఏమో పెళుసంటుంది. రెండూ ఒకేసారి ఎలాగే?" అని పెరట్లోకి వచ్చిన భార్య మీద అరిచాడు, ఆమే ఆ ఉక్కుని తయారుచేసినట్టు. కత్తిని గోడకేసి కొట్టాడు. అది రెండు ముక్కలైంది.

ఆమె వంగి ముక్కలు ఏరింది. సోడాకి పగిలిన వేళ్ళు. ఇనుము తగిలినప్పుడల్లా ముడుచుకుంటున్నాయి.

"ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఇది నా కోసం చేస్తున్నారా, మా తమ్ముడి ముందు నెగ్గడానికి చేస్తున్నారా?"

"నీ కోసం కాకపోతే..." అన్నాడు.

"మొన్న నా మణికట్టు వాచినప్పుడు రాత్రిపూట నూనె రాసేవారు. నాలుగు రోజులైంది, చెయ్యి ఎలా ఉందని అడగలేదు." ముక్కలు తుక్కు డబ్బాలో వేసి లోపలికి వెళ్ళిపోయింది.

అతను కొలిమి పక్కన ఇటుక మీద కూర్చుండిపోయాడు. తల్లి వచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. ఏదైనా హాస్యమాడుతుందేమోనని భయపడ్డాడు. ఆవిడ పొయ్యిలోకి నాలుగు పుల్లలు ఏరుకుని లోపలికి వెళ్ళింది.

ఆదివారం కొలిమి వెలిగించలేదు. వెలిగించడానికి కత్తి లేదు. దీపం ముందు దండం పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఏం అడగాలో తెలియక ఊరికే నిలబడ్డాడు. ఒక్కటి చాలన్నానే. ఒక్కటి ఇవ్వడం అంత కష్టమా? ఆ ఆలోచన వచ్చినందుకు లెంపలు వేసుకున్నాడు. అయినా అది పోలేదు.

పెరట్లో ఠక్ ఠక్‌మని చప్పుడవుతోంది. వెళ్ళి చూస్తే, తల్లి బట్టలుతికే బండ పక్కన కూర్చుని పొయ్యిలోకి పుల్లలు చీలుస్తోంది. కర్ర మీద కత్తి ఆనించి, వెన్ను మీద చెక్కముక్కతో కొడుతోంది. చీల్చిన పుల్లలు పక్కన కట్టలుగా పేర్చి ఉన్నాయి.

"జాగ్రత్తమ్మా, వేళ్ళు." తర్వాత కత్తి వైపు చూశాడు. పిడి లేదు. ఆ చోట అతని పాత చొక్కా చేతి గుడ్డ చుట్టి, కుట్టుదారంతో బిగించి ఉంది. "అదెక్కడిది?"

"నువ్వు పారేసిందే. గురువారం తుక్కు డబ్బాలోంచి తీశా. అంత కష్టపడి చేసింది అప్పుడే పారేస్తారట్రా?"

"అది మెత్తనిదమ్మా. గట్టిపడలేదు."

"మెత్తనో గట్టో నాకేం తెలుసు. మొదటిరోజు తెగలేదు, నిజమే. ఈ బండ మీద నూరాను. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. చేతికి పనుండాలిగా. శుక్రవారానికి దారిలో పడింది. నిన్న బొగ్గుల బస్తా తాడు దీంతోనే కోశా. అడుగంటిన గిన్నె కూడా గీకాను." తల్లి మళ్ళీ కొట్టబోయింది.

"ఉండమ్మా. ఒకసారి ఇటివ్వు."

అంచుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూశాడు. తునకలు లేవు. పెచ్చు లేదు. మూడు రోజులు పుల్లలు చీల్చిన అంచు. పాత పేపరు తెచ్చి పైనుంచి ఆనించాడు. పేపరు చప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది.

లోపలికి వెళ్ళి ఇత్తడి కడ్డీ తెచ్చాడు. ఒత్తాడు. అంచు కడ్డీ వంపు మీద అలలా వంగింది. తీశాడు. నిటారుగా నిలబడింది. మళ్ళీ ఒత్తాడు. మళ్ళీ నిలబడింది.

ఆకురాయి తీసుకున్నాడు. తల్లి బండ మీద నూరి తెల్లగా చేసిన చోట గీశాడు. ఆకురాయి పట్టు దొరక్క జర్రున జారి బయటికి పోయింది.

అతను కొలిమి వైపు తిరిగాడు. ఆ పెడలు. అడుగుదాకా నొక్కిన గాలి. ఆ గాలికి పైపొర మాడి, సత్తువ పోయి, పల్చని మెత్తటి పొట్టులా మిగిలింది. ఆకురాయి కొరికింది ఆ పొట్టునే. లోపల ఉక్కు గురువారం పొద్దున్నే గట్టిపడింది. అతను మొదటిసారే సరిగ్గా చేశాడు. సరిగ్గా చేసినదాన్ని ఒక్క గీతకే పారేసి, మిగిలిన రెంటినీ చాల్లేదు చాల్లేదని కాల్చి కాల్చి, పెళుసెక్కించి చంపాడు.

"ఏమైందిరా?"

చెప్పాడు. ఆవిడ చెవి ఒగ్గి వింది. కత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"పైన పటారం లోన లొటారం అంటారు. ఇదేదో తిరగబడి పుట్టిందన్నమాట," అని కత్తి అతని చేతిలో పెట్టింది. "అయితే నా పుల్లల సంగతేమిటి? ఇంకో కత్తి చూడు నాకు."

రెండో కత్తి తుక్కు డబ్బాలోనే ఉంది. దానితోపాటు విరిగినవాటి ముక్కలు. అతను డబ్బా దాకా వెళ్ళి, చెయ్యి పెట్టకుండా వెనక్కి వచ్చాడు. అది కూడా బాగుంటే సరే, లేకపోతే? ఇంకోసారి కర్రుమనడం వినే ఓపిక లేదు. ఒక్కటి చాలన్నాడు, ఒక్కటి దొరికింది.

పాత మిషను చెక్కపీటలోంచి రెండు ముక్కలు కోసి, ఇత్తడి మేకులు కొట్టి, భార్యని పిలిచి ఆమె పిడికిలి కొలత తీసుకుని, సాయంత్రందాకా పిడి అరగదీశాడు. ఆమె పట్టుకుని చూసింది. వేళ్ళు పగుళ్ళ మీద పగుళ్ళతో ఉన్నాయి. ఆమె ఏమీ అడగకముందే మణికట్టుకి రాసే నూనె తెచ్చి, వెచ్చబెట్టి, కూర్చుని రాశాడు.

"నెగ్గారుగా," అంది ఆమె.

"నేను కాదు. మా అమ్మ."

సోమవారం అతను ఒక్క మిషను కూడా సరిగ్గా విప్పలేదు. గడియారం ఎనిమిది కొట్టినప్పుడు, ఇప్పుడు మొదలుపెట్టి ఉంటుంది అనుకున్నాడు. తొమ్మిది కొట్టినప్పుడు లేచి వీధిలోకి వెళ్ళి వచ్చాడు. ఆమె వచ్చేది సాయంత్రం అయిదింటికని తెలిసీ వెళ్ళాడు.

అయిదున్నరకి వచ్చింది. చేతివేళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి.

అతను నవ్వబోయి, ఆమె సంచి వైపు చూశాడు. పొద్దున గుడ్డలో చుట్టి పెట్టిన కత్తి లేదు.

"కత్తి ఏదీ?"

"కూర్చోండి, చెప్తాను." ఆమె ముందు నీళ్ళు తాగింది. "నలభై ఎనిమిది నిమిషాల్లో కోశాను. ఇరవై కిలోలు. వంటపెద్ద గడియారం చూసుకుని, చూశావా, మనసు పెడితే ఎందుకు రాదు, అన్నాడు."

"మనసు పెడితే?" అతను బల్ల మీద చెయ్యి వేశాడు. "కత్తి గురించి ఒక్క ముక్క కూడా..."

"ఒక్క ముక్క లేదు. నాకూ అలాగే మండింది. అప్పుడే నా చోట్లో వేసిన పిల్లని కేకలేస్తున్నాడు. మొన్న నవ్విందని చెప్పానే, ఆ పిల్లే. నీ చెయ్యి కూడా నెమ్మదించిందా, గిన్నెల దగ్గరికి పోతావా అని. దాని చేతిలో అదే రేకుముక్క." ఆమె గ్లాసు కింద పెట్టింది. "నా కత్తి దాని చేతిలో పెట్టేశాను. దాని రేకుముక్క నేను తీసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ గడియారం చూడండి అన్నాను. మా ఇద్దర్నీ చూడండి అన్నాను."

మూడు రోజుల నిప్పు, విరిగిన రెండు కత్తులు, చిల్లుపడ్డ చొక్కా, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "అంత అవస్థపడి తెచ్చుకున్న చోటు. మళ్ళీ పోగొట్టుకుంటే?"

"పోతే పోయేది. ఆ పిల్ల పావుగంటలో అయిదు కిలోలు కోసింది. నేను రెండు కూడా కోయలేదు. పదకొండేళ్ళ చెయ్యి ఇది. ఆయన గడియారం చూశాడు, నా చెయ్యి చూశాడు, రేకుముక్క తీసుకుని బొటనవేలితో తడిమి చూశాడు. ఆయన వచ్చిన ఈ అయిదేళ్ళలో మొదటిసారి ఆయన కత్తి ముట్టుకోవడం నేను చూడ్డం."

"ఏమన్నాడు?"

"రేపు నలుగురూ బల్ల దగ్గరే ఉండండి, స్టోరువాడితో నేను మాట్లాడతా అని వెళ్ళిపోయాడు. మాట్లాడతాడో లేదో. మాట్లాడినా స్టోరులో మంచి కత్తి వచ్చేసరికి ఎన్నాళ్ళో." ఆమె వేళ్ళ పసుపు కొంగుకి తుడుచుకుంది. "కత్తి అక్కడే బల్ల మీద ఉంది. వంతులవారీగా కోస్తున్నాం. ఒక్కటి చాలట్లేదండీ. ఇంకోటి ఉందా?"

వంటింటి గుమ్మంలోంచి తల్లి అంది: "ఉంది. భయపడి ముట్టుకోవట్లేదు మావాడు."

అతను లేచాడు. పెరట్లోకి వెళ్ళి తుక్కు డబ్బా వంచాడు. విరిగిన ముక్కల మధ్యలోంచి రెండో కత్తిని తీశాడు. వెన్ను మీద గురువారం మీటరు గీసిన గీత ఒక్కటి, సన్నగా, తెల్లగా ఉంది. మిగతా అంతా నలుపు. భార్య వచ్చి పక్కన నిలబడింది.

ఆ గీత మీదే ఆకురాయి పెట్టి గీశాడు. కర్ర్. ఆమె అతని మొహం వైపు చూసింది.

రెండోసారి. కర్ర్. మూడోసారి కూడా. అతని చెయ్యి ఆగింది.

"ఇంకోసారి గీయండి," అంది ఆమె.

గీశాడు. కర్రుమన్నది సగంలో సన్నబడింది. ఇంకోసారి గీశాడు. ఆకురాయి జర్రున జారి, చెయ్యి ఒక్కసారిగా ముందుకు పోయింది.